ఒక సమాసం బహుపది అవునో కాదో చూడగానే తేల్చడం ఎలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మీ పాపకు బీజగణితం చెబుతున్నారు. 𝑥 + 1/𝑥 బహుపది కాదట, 𝑥/3 + √2 మాత్రం బహుపదేనట. రెండింట్లోనూ భిన్నం ఉంది, రెండో దాంట్లో వర్గమూలం కూడా ఉంది, మరి ఈ తేడా ఎందుకు? (𝑥² − 4)/(𝑥 − 2) ని సూక్ష్మీకరిస్తే 𝑥 + 2 వస్తుంది కదా, దాన్ని బహుపది అనాలా వద్దా? అసలు చూడగానే తేల్చే పద్ధతి ఏదైనా ఉందా?

ఉందండి. సంఖ్యల్ని పక్కన పెట్టి చరరాశిని మాత్రమే చూడండి. దాన్ని ఏం చేశారో గమనించండి. చరరాశిని దానితోనే గాని, సంఖ్యలతో గాని గుణించి, వచ్చినవాటిని కూడడం, తీసివేయడం వరకే చేసి ఉంటే అది బహుపది. చరరాశితో భాగించినా, దాని మూలం తీసినా, దాన్ని ఘాతాంకం స్థానంలో పెట్టినా, సైన్, లాగ్, పరమ మూల్యం లాంటివాటి లోపల పెట్టినా మామూలుగా బహుపది కాదు. ఈ 'మామూలుగా' అన్న మాట ఎందుకు వాడానో కింద చెబుతాను, మీ మూడో ఉదాహరణ సరిగ్గా అక్కడికే వస్తుంది.

పాఠ్యపుస్తకాల్లో 'చరరాశి ఘాతాంకాలు రుణేతర పూర్ణసంఖ్యలు కావాలి' అని ఉంటుంది. అదీ ఇదే. 𝑥 ని దానితోనే గుణించుకుంటూ పోతే 𝑥², 𝑥³, 𝑥⁴ వస్తాయి. అసలు గుణించకపోతే 𝑥⁰, అంటే 1. ఒట్టి గుణకారంతో −1 ఘాతం గాని, 1/2 ఘాతం గాని రాదు. పిల్లలు ఆ నిర్వచనాన్ని బట్టీ పడతారు గానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోవడం వల్ల పరీక్షలో చిక్కు సమాసం ఎదురైతే టెన్షన్ పడిపోతారు.

నేను చాలా ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఈ పాఠంలో పిల్లల చేత ముందుగా చేయించే పని ఒకటుంది. సమాసంలో 𝑥 ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టమంటాను. ఇక ఆ సున్నాల చుట్టూ ఏముందో మాత్రమే చూడాలి, మిగతా కాగితం మీదకు కళ్లు పోకూడదు. మీ 𝑥/3 + √2 తో చేసి చూడండి. సున్నా ఒకే ఒక్కటి, అది లవంలో ఉంది. కింద 3 ఉంది గానీ అది సంఖ్య. 3తో భాగించడమంటే 1/3తో గుణించడమే. √2 దగ్గర సున్నా లేదు, కాబట్టి అది మనకు అవసరం లేదు. బహుపది, సందేహం లేదు. ఇప్పుడు 𝑥 + 1/𝑥. సున్నాలు రెండు. మొదటిదానితో పేచీ లేదు. రెండోది హారంలో ఉంది, అంటే 𝑥 తో భాగించారు. దాన్నే 𝑥⁻¹ అని రాసినా అర్థం మారదు. బహుపది కాదు.

అంటే మీకు కనిపించిన భిన్నాలు రెండూ ఒక జాతివి కావు. ఒకదాంట్లో సంఖ్యతో భాగించారు, ఇంకొకదాంట్లో చరరాశితో భాగించారు. పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. భిన్నం గీత కనబడితే చాలు 'కాదు' అని రాసేస్తారు, వర్గమూలం గుర్తు కనబడితే మరీనూ. గుణకాల విషయంలో బహుపదికి ఏ పట్టింపూ లేదు. (2/7)𝑥³ − √5𝑥² + 𝜋𝑥 − 0.01 చక్కటి బహుపది. గుణకం భిన్నం కావచ్చు, దశాంశం కావచ్చు, కరణీయ సంఖ్య కావచ్చు, రుణం కావచ్చు. పట్టింపంతా 𝑥 తలమీద కూర్చున్న సంఖ్య గురించే. 0.5𝑥 బహుపది, 𝑥^0.5 కాదు.

వర్గమూలం గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు చాలాసార్లు లెక్కలో కాదు, చేతిరాతలో ఉంటుంది. √2𝑥 అని రాసినప్పుడు గుర్తు పైన ఉండే అడ్డగీత ఎంతదాకా వచ్చింది? 2 మీదే ఆగిపోతే అది √2 అనే సంఖ్యను 𝑥 తో గుణించడం, బహుపది. గీత 𝑥 మీదకు కూడా సాగితే √(2𝑥), అప్పుడు 𝑥 కూడా మూలం లోపలికి వెళ్లిపోయింది, బహుపది కాదు. పిల్లలు హడావిడిగా గీత లాగేస్తారు, తర్వాత వాళ్ల రాతే వాళ్లకు అర్థం కాదు. మా క్లాసులో 𝑥√2 అని రాయమంటాను, చరరాశి ముందు, మూలం వెనక. గీత ఎంత పొడుగున్నా గందరగోళం ఉండదు.

ఘాతాంకంలో చరరాశి ఉన్నవీ అంతే జాగ్రత్తగా చూడాలి. 𝑥² బహుపది, 2^𝑥 కాదు. అవే రెండు గుర్తులు చోట్లు మారాయి, అంతే, కానీ మొదటిదాంట్లో 𝑥 ని రెండుసార్లు గుణించారు, రెండోదాంట్లో 2 ని ఎన్నిసార్లు గుణించాలో 𝑥 చెబుతోంది. 𝑥^𝑛 అని ఇస్తే 𝑛 ఏమిటో అడగందే జవాబు చెప్పకండి.

ఇప్పుడు అసలైన చిక్కు, (𝑥² − 4)/(𝑥 − 2). ఇంట్లో పిల్లలు ఇది అడిగితే సంతోషించాలి, చాలా మంచి ప్రశ్న. లవం (𝑥 − 2)(𝑥 + 2), హారంతో కొట్టేస్తే 𝑥 + 2 మిగులుతుంది. కానీ 𝑥 = 2 పెట్టి చూడండి. 𝑥 + 2 అయితే 4 వస్తుంది. అసలు సమాసంలో పెడితే 0/0, దానికి విలువే లేదు. ఒక చోట విలువ ఉన్నదీ, లేనిదీ ఒకటి కావు. కాబట్టి ఇచ్చిన సమాసం ఇచ్చినట్టుగా బహుపది కాదు, 𝑥 ≠ 2 అయినప్పుడు మాత్రం 𝑥 + 2 అనే బహుపదితో సమానం. పాప పరీక్షలో ఈ వాక్యాన్నే రాస్తే చాలు, దిద్దేవాళ్లు ఎవరైనా ఒప్పుకుంటారు. పైచదువుల్లో అకరణీయ సమాసాలను విలువలతో నిమిత్తం లేకుండా ఒట్టి రూపాలుగా చూసే పద్ధతి ఉంది, అక్కడ ఈ రెండూ ఒకటే అంటారు. అందువల్ల 'బహుపదే' అన్నవాళ్లది కూడా పూర్తిగా తప్పు కాదు, వాళ్లు వేరే చోట నిలబడి చెబుతున్నారు. స్కూలు స్థాయిలో మాత్రం విలువ లేని చోటును గుర్తుపెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే తర్వాత అవధులు (లిమిట్స్) నేర్చుకునేటప్పుడు ఆ ఒక్క చోటే పాఠమంతా అవుతుంది.

దీనికి పక్కనే ఇంకొకటి పెట్టి చూడండి: (𝑥⁴ − 1)/(𝑥² + 1). ఇదీ భాగహారమే, ఇదీ కొట్టేస్తే 𝑥² − 1 వస్తుంది. కానీ 𝑥 వాస్తవ సంఖ్య అయితే 𝑥² + 1 ఎప్పుడూ సున్నా కాదు. అంటే ప్రతి చోటా విలువ ఉంది, ప్రతి చోటా అది 𝑥² − 1 తో సమానం. కాబట్టి వాస్తవ సంఖ్యల మీద దీన్ని బహుపది అనడానికి అభ్యంతరం లేదు, రూపం మాత్రం భిన్నంలా ఉంది. పైన 'మామూలుగా' అన్నది ఇలాంటివాటి కోసమే. అందుకే ముందు సూక్ష్మీకరించండి, కానీ కొట్టేసిన దాని విలువ ఎక్కడ సున్నా అవుతుందో పక్కన రాసుకోండి.

అలాగని సూక్ష్మీకరణ ప్రతిసారీ కాపాడదు. √(𝑥²) చూడండి. 'వర్గం, వర్గమూలం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, 𝑥 వస్తుంది, బహుపది' అని చాలామంది రాస్తారు. 𝑥 = −3 పెట్టండి: √9 = 3, −3 కాదు. √(𝑥²) అంటే |𝑥|, పరమ మూల్యం. కుడివైపంతా 𝑥 లాగా, ఎడమవైపంతా −𝑥 లాగా నడుస్తుంది, మధ్యలో సున్నా దగ్గర మొన తేలుతుంది. బహుపది గ్రాఫు ఎక్కడా అలా మొన తేలదు.

మీ పాప ఇంకో అడుగు ముందుకేసి, 'ఇప్పుడు కనిపించడం లేదు గానీ √𝑥 ని తెలివిగా వేరే విధంగా రాస్తే బహుపది అవుతుందేమో?' అని అడగవచ్చు. అడగాలి కూడా. రూపం చూసి కాదనడం వేరు, ఏ రూపంలోనూ కుదరదని చూపించడం వేరు. ఈ నిరూపణలు చాలా చిన్నవి, పాఠ్యపుస్తకం స్థాయిలోనే అర్థమవుతాయి, నాకు చెప్పడానికి ఎంతో ఇష్టమైనవి.

√𝑥 ఒక బహుపది అనుకుందాం, దాని పరిమాణం (అంటే అందులోని అతిపెద్ద ఘాతాంకం) 𝑛. దాన్ని వర్గం చేస్తే పరిమాణం 2𝑛 అవుతుంది, సరిసంఖ్య. కానీ √𝑥 వర్గం 𝑥, దాని పరిమాణం 1, బేసిసంఖ్య. రెండూ ఒకటి కావడానికి వీల్లేదు. అయిపోయింది.

1/𝑥 మరీ సులువు. బహుపదిలో 𝑥 స్థానంలో ఏ సంఖ్య పెట్టినా విలువ వస్తుంది, ఎందుకంటే అందులో ఉన్నవి కూడిక, తీసివేత, గుణకారమే. 1/𝑥 కి 0 దగ్గర విలువ లేదు.

2^𝑥 కొంచెం అందమైనది. 𝑥 ఒకటి పెరిగితే 2^𝑥 రెట్టింపవుతుంది. అంటే అది ఎంత ఉందో సరిగ్గా అంత పెరుగుతుంది. ఒక బహుపదిలో 𝑥 కి బదులు 𝑥 + 1 పెట్టి, పాత బహుపదిని తీసివేస్తే పెద్ద ఘాతం ఉన్న పదం కొట్టుకుపోతుంది, పరిమాణం ఒకటి తగ్గుతుంది. 𝑥² తో చూడండి: (𝑥 + 1)² − 𝑥² = 2𝑥 + 1. పరిమాణం 2 నుంచి 1కి దిగింది. పెరుగుదల పరిమాణం తగ్గిపోయేది, పెరుగుదలే తానయ్యేదానితో సమానం ఎలా అవుతుంది?

సైన్ 𝑥 సంగతీ ఇంతే. సున్నా కాని బహుపదికి దాని పరిమాణం కంటే ఎక్కువ శూన్యవిలువలు (అంటే దాన్ని సున్నా చేసే విలువలు) ఉండవు. సైన్ మాత్రం 0, 𝜋, 2𝜋, 3𝜋 ఇలా అంతులేనన్ని చోట్ల సున్నా అవుతుంది. కాలిక్యులేటర్లు, కంప్యూటర్లు సైన్ విలువలను చాలా సందర్భాల్లో బహుపదులతోనే లెక్కగడతాయి కదా అని పెద్ద పిల్లలు అడుగుతారు. నిజమే. హద్దులున్న సంవృత అంతరంలో (రెండు చివరి బిందువులతో సహా తీసుకున్న ముక్కలో) అవిచ్ఛిన్నమైన, అంటే ఎక్కడా తెగకుండా సాగే ఏ ప్రమేయాన్నైనా బహుపదితో మనకు కావలసినంత దగ్గరగా చేరుకోవచ్చని 1885లో జర్మన్ గణితవేత్త వయర్‌స్ట్రాస్ నిరూపించాడు. అది దగ్గరగా చేరడమే, సమానం కాదు. అలాగే 1 + 𝑥 + 𝑥² + 𝑥³ + … అని ఆగకుండా సాగేది కూడా బహుపది కాదు, పదాలు ఎక్కడో ఒకచోట ఆగాలి. 𝑥 విలువ −1కీ 1కీ మధ్య ఉన్నప్పుడు ఆ మొత్తం 1/(1 − 𝑥) అవుతుంది, చూశారా, తిరిగి చరరాశి హారంలోకి వచ్చేసింది.

'ఇంత పట్టింపు దేనికి, ఏ పేరైతేనేం' అని కూడా కొందరు అడుగుతారు. పేరు కోసం కాదు. శేష సిద్ధాంతం, కారణాంక సిద్ధాంతం, శూన్యవిలువలు పరిమాణాన్ని మించవన్న నియమం, ఇవన్నీ బహుపదులకే వర్తిస్తాయి. 𝑥 − 1/𝑥 ని తీసుకోండి. ఎవరైనా దీన్ని బహుపది అనుకుని, పెద్ద ఘాతం 1 కాబట్టి పరిమాణం 1 అని రాస్తే, దీనికి ఒక్క శూన్యవిలువే ఉండాలి. కానీ 𝑥 = 1 పెట్టినా సున్నా వస్తుంది, 𝑥 = −1 పెట్టినా సున్నా వస్తుంది. బహుపది కానిదానికి బహుపది నియమం వాడితే లెక్క ఇలా ఎదురు తిరుగుతుంది.

ఒకటి కంటే ఎక్కువ చరరాశులు ఉంటే 'దేనిలో బహుపది?' అని అడగడం మరిచిపోకండి. 𝑥²𝑦 + 3𝑥𝑦 − 7 రెండింటిలోనూ బహుపది, పరిమాణం 3 (𝑥²𝑦 లో ఘాతాంకాలు 2, 1 కలిపి). 𝑥²/𝑦 + 3𝑥 మాత్రం 𝑦 ని స్థిరరాశిగా తీసుకుంటే 𝑥 లో బహుపది, 𝑦 లో కాదు. చరరాశి ఏదో చెప్పకుండా ప్రశ్న ఇస్తే అన్ని అక్షరాలనూ చరరాశులుగానే తీసుకోవాలి. ఈ ఆలోచన పరీక్షలో తేల్చడానికే కాదు, సమీకరణాలు సాధించడానికీ బాగా పనికొస్తుంది. 𝑥 + √𝑥 − 6 = 0 లో ఎడమవైపున్నది 𝑥 లో బహుపది కాదు. √𝑥 ని 𝑦 అనుకుంటే 𝑦² + 𝑦 − 6 అవుతుంది, అది 𝑦 లో చక్కటి వర్గ బహుపది. కారణాంకాలు (𝑦 + 3)(𝑦 − 2). √𝑥 రుణం కాదు కాబట్టి 𝑦 = 2, అంటే 𝑥 = 4.

స్థిరరాశుల గురించి రెండు ముక్కలు. ఒంటరిగా 7 అని ఇచ్చినా అది బహుపదే, 7𝑥⁰ అన్నమాట, పరిమాణం 0. ఒంటరి 0 కూడా బహుపదే, దాన్ని శూన్య బహుపది అంటారు, దాని పరిమాణాన్ని మాత్రం నిర్వచించరు. దానికీ కారణం ఉంది. రెండు బహుపదులను గుణిస్తే పరిమాణాలు కూడుకోవాలి. 0 ని పరిమాణం 5 ఉన్నదానితో గుణించినా, 50 ఉన్నదానితో గుణించినా 0 యే వస్తుంది. దానికి ఏ సంఖ్య ఇచ్చినా ఆ కూడిక తప్పుతుంది.

సమాసం కాకుండా విలువల పట్టిక ఇచ్చి అడిగితే? అప్పుడు వరుస భేదాలు తీయాలి. 𝑥² విలువలు 0, 1, 4, 9, 16. భేదాలు 1, 3, 5, 7. మళ్లీ భేదాలు 2, 2, 2. బహుపది అయితే ఇలా ఎప్పటికో ఒకప్పటికి అన్నీ సమానమవుతాయి. 2^𝑥 విలువలు 1, 2, 4, 8, 16, భేదాలు 1, 2, 4, 8, మళ్లీ అదే వరుస, ఎంత దిగినా ఆగదు.

కానీ కొన్ని విలువలే చూసి తీర్పు చెప్పకూడదు. వృత్తం మీద బిందువులు పెట్టి, ప్రతి రెండింటినీ సరళరేఖతో కలపండి, లోపల మూడు రేఖలు ఒకే బిందువు దగ్గర కలుసుకోకుండా చూడండి. వృత్తం ఎన్ని భాగాలవుతుందో లెక్కపెడితే, ఒక బిందువు నుంచి మొదలుపెట్టి 1, 2, 4, 8, 16 వస్తాయి. అందరూ తర్వాతది 32 అంటారు. వచ్చేది 31, ఆ తర్వాత 57. భేదాలు తీయండి: 1, 2, 4, 8, 15, 26. తర్వాత 1, 2, 4, 7, 11. తర్వాత 1, 2, 3, 4. చివరికి 1, 1, 1. రెట్టింపులా వేషం వేసుకున్న ఇది నిజానికి నాలుగో పరిమాణం బహుపది: (𝑛⁴ − 6𝑛³ + 23𝑛² − 18𝑛 + 24)/24. కింద 24 ఉందని కంగారు పడకండి, అది సంఖ్యే. పాప చేత బొమ్మ గీయించి 31 లెక్కపెట్టించండి, ఓపిక కావాలి గానీ ఆ ఆశ్చర్యాన్ని పిల్లలు మరిచిపోరు. బిందువులను సమాన దూరాల్లో మాత్రం పెట్టవద్దు, ఆరో బిందువు దగ్గర మధ్యలో మూడు రేఖలు కలిసిపోయి 30 మాత్రమే వస్తాయి.

అభ్యాసానికి కొన్ని ఇస్తున్నాను. ముందు పాప చేత ఎర్ర సున్నాలు చుట్టించండి, తర్వాత జవాబులు చూడండి.

𝑥²/√5 − 𝜋𝑥
(𝑥 − 1)(𝑥² + 𝑥 + 1)
√(𝑥² + 2𝑥 + 1)
𝑥^(6/2) + 4
𝑥(𝑥 + 3/𝑥)

మొదటిది బహుపది, మూలం సంఖ్య మీదే ఉంది. రెండోది విప్పితే 𝑥³ − 1, బహుపది, విప్పకపోయినా బహుపదే, ఎందుకంటే బహుపదుల లబ్ధం ఎప్పుడూ బహుపదే. మూడోది √((𝑥 + 1)²), అంటే |𝑥 + 1|, కాదు. నాలుగోది 𝑥³ + 4, ఘాతాంకాన్ని ముందు సూక్ష్మీకరించుకోవాలి, బహుపది. చివరిదాంట్లో చాలామంది లోపలికి గుణించి 𝑥² + 3 రాసి బహుపది అంటారు. అక్కడ పాపను ఆపి, 𝑥 = 0 పెడితే ఏమవుతుందో అడగండి.